మాట విన్న ఒళ్లు

"ఇవాళ కూడా ఆరే!" ఆమె సిరంజిని కిటికీ వెలుతురులోకి ఎత్తి గీతలు మరోసారి లెక్కపెట్టింది.

"కిందటేడు నలభై పొడిచేదానివి. ఇప్పుడు ఆరా? నామీద కోపం తగ్గినట్టుందే!" అన్నాడు భర్త, చొక్కా పైకి లాక్కుంటూ.

"మాటలకేం తక్కువ లేదు. కదలకండి."

అతను దర్జీ. ముప్పై ఏళ్లు ఒకే కొట్లో అతను బట్ట కత్తిరిస్తే ఆమె గుండీలు కుట్టింది. సాయంత్రం షట్టరు దించి ఇద్దరూ వీధి చివరి ఐస్‌క్రీం బండిదాకా నడిచేవాళ్లు. తనది గబగబా తినేసి, ఆమె చేతిలోదాంట్లో సగం లాక్కునేవాడు. ఆ రోజులు తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి.

తర్వాత షుగరొచ్చింది. పన్నెండు యూనిట్లతో మొదలైన ఇంజక్షన్ నలభైకి పాకింది.

"ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం లేదమ్మా, అందుకే ఎక్కువివ్వాల్సొస్తోంది" అన్నాడు డాక్టరు అప్పట్లో.

"ముప్పై ఏళ్లుగా నా మాటే వినలేదు, దాని మాట వింటారా!" అందామె.

ఈ ఏడాది ఏమైందో గాని, ఆ ఒళ్లు మాట వినసాగింది. షుగర్ పడిపోయి చెమటలు పట్టినప్పుడల్లా, డాక్టరు లోగడ చెప్పినట్టే ఆమె రెండేసి యూనిట్లు తగ్గిస్తూ వచ్చింది. పీక్కుపోయిన బుగ్గలు పెళ్లినాటి ఫొటోలోలా నిండాయి. వదులైపోయిన చెప్పులు మళ్లీ బిగుతయ్యాయి. వద్దన్నా రెండోసారి వడ్డించుకునే మనిషి సగం తిని కంచం జరిపేస్తున్నాడు. ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందని ఆమె మురిసిపోయింది. బాగున్నవాళ్లకు డాక్టరెందుకని, ఆర్నెల్లకోసారి చేయించాల్సిన పరీక్షలు రెండుసార్లూ తనే మాన్పించింది.

ఇవాళ మాత్రం తనే బయల్దేరదీసింది. ఇంజక్షన్ ఇక అక్కర్లేదన్న మాట డాక్టరు నోట వినాలని ఆమె ఆశ.

"ఆయన మానెయ్యమంటే ఐస్‌క్రీం కొనిపెట్టాలి" అన్నాడు భర్త దారిలో.

"కొనిపెడతా. నాదాంట్లో సగం కూడా మీకే."

చెయ్యి పట్టుకుని నడుస్తుంటే, అప్పుడే కొట్టు మూసి బయల్దేరినట్టుంది ఆమెకు. ఆస్పత్రిదాకా ఆ చెయ్యి వదల్లేదు.

రక్తపరీక్ష కాగితాన్ని డాక్టరు చాలాసేపు చూశాడు. ఆమె ఆగలేకపోయింది.

"నలభై నుంచి ఆరుకొచ్చిందండీ! ఇక జబ్బు పోయినట్టేగా? ఆ ఒక్క ముక్క చెప్పండి, చాలు."

డాక్టరు లేచి వచ్చి దర్జీ పాదం మీద బొటనవేలితో గట్టిగా నొక్కాడు. వేలు తీసినా గుంట పూడలేదు. ఆమె ముఖంలోకి చూడలేక, కాగితం వైపే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"ఇన్సులిన్‌ని కరిగించే కిడ్నీలు చచ్చుబడ్డాయమ్మా, అందుకే ఆరు సరిపోతోంది."