మెడపట్టీ తీసిన చోటు

"ఆ సంచిలో ఏముందమ్మా?" ఫారెస్ట్ పార్కు కాపలాదారు గేటుకు అడ్డంగా నిలబడి అడిగాడు.

"బిస్కెట్లండీ," అంది ఆవిడ.

"అన్నే?"

"మా బండోడికి ఆకలెక్కువ."

బండోడంటే పక్కనున్న కుక్క. పేరుకు తగ్గట్టే ఉంది. మూతి నెరిసింది. నాలుగడుగులు వేసి ఆయాసపడుతోంది.

"వెళ్ళేటప్పుడు కూడా కలిసే వెళ్ళాలి, ముందే చెప్తున్నా. ఈమధ్య కుక్కల్ని ఇక్కడ వదిలేసి చక్కా పోతున్నారు. లోపలున్న కుక్కల గుంపు ఇంటికుక్కని బతకనిస్తుందా?"

"అయ్యో, నేనలాంటిదాన్ని కాదండీ!" ఆవిడ ముఖం పాలిపోయింది.

నిన్నెవరన్నారు తల్లీ, అనుకున్నాడతను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నిన్నా నడిచే వచ్చింది, ఇవాళా నడిచే వచ్చింది. చోటు చూసుకోవడానికి కాకపోతే, ముసలికుక్కని ఈ ఎండలో ఈడ్చుకురావడం ఎందుకట? అనుమానం పెనుభూతం. పట్టిందంటే మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు. గేటుని టికెట్ల అమ్మాయికి అప్పజెప్పి, చెట్ల చాటున ఆవిడ వెనకే బయలుదేరాడు.

ఆవిడ నడక చూస్తే అనుమానం ఇంకా ముదిరింది. దారి మలుపు తిరిగిన ప్రతిచోటా ఆగుతోంది. కుక్కచేత అక్కడి రాయో, చెట్టు మొదలో వాసన చూపిస్తోంది. బిస్కెట్ ముక్క నోట్లో పెట్టి, తల నిమిరి, మళ్ళీ నడుస్తోంది. మధ్యమధ్య కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"చేసేదంతా చేస్తూ ఏడుపొకటి!" అని పళ్ళు కొరుక్కున్నాడు.

దారి చివర, మనుషులెవరూ రాని చోట ఆవిడ ఆగింది. కుక్కని కూర్చోబెట్టింది. గొలుసు విప్పింది. మెడపట్టీ కూడా తీసి సంచిలో వేసుకుంది. వెనక్కి చూడకుండా గబగబా వచ్చి ఒక పొద వెనక నక్కింది. కుక్క కుయ్‌కుయ్‌మంది. కాపలాదారు ఇక ఆగలేక పొద దగ్గరికి ఉరికాడు.

"దొరికిపోయావమ్మా!"

"ష్! నెమ్మదండీ, అది వింటుంది!"

"విననీ! ఇన్నాళ్ళూ పెంచుకుని, ముసలిదయ్యేసరికి బరువైపోయిందా? నీకసలు మనసుందా?"

అంతలో కుక్క లేచింది. నేల వాసన చూస్తూ దారిలోకి వచ్చింది. అతను పట్టుకోబోయాడు. ఆవిడ రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది.

"వద్దన్నా, పట్టుకోకు! పోనివ్వు దాన్ని!"

"పోనివ్వాలా? పైగా నాకే చెప్తున్నావా? పద, ఆఫీసరుగారి దగ్గరే తేల్చుకుందాం!"

ఆవిడ ఆ మాట వినిపించుకుంటేగా! ఊపిరి బిగబట్టి కుక్కనే చూస్తోంది. మలుపు దగ్గర బండోడు ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. రాయి వాసన చూసి, గేటు వైపు తిరిగి, తోక ఊపుకుంటూ నడిచాడు. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, నవ్వుతోంది కూడా.

"ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా? అసలేమిటమ్మా నీ కథ?" కాపలాదారు గొంతు తగ్గింది.

"ఆదివారం మా ఆయన దీన్ని తెచ్చి ఇక్కడ వదిలేస్తారట అన్నా. తనంతట తాను ఇల్లు చేరితే మాత్రం ఉండనిస్తానన్నారు. అందుకే దారి నేర్పిస్తున్నా."