అమ్మగారి బాణీ

మా పెళ్లిరోజని బార్నా నన్ను హంగరీలోని సెగెద్ ఊళ్లో ఆ పాత హోటల్‌కి తీసుకొచ్చాడు. నేను ఇక్కడికి వచ్చి ఏళ్లయింది. అతను చేపల పులుసు తెమ్మంటుంటే, ఆ గొంతు గుర్తుపట్టి, అక్కడ బల్లబల్లకీ తిరిగి వాయించే రుదీ బాబాయ్ వయొలిన్‌తో వచ్చేశాడు. చూపు పోయినా, ఎవరి చెవి దగ్గర ఏ బాణీ వాయించాలో ఆయన మరిచిపోడని ఊరంతా చెప్పుకుంటారు.

"అమ్మగారి బాణీ నాకు కంఠస్థం దొరా!" అంటూ నా చెవి దగ్గరికి వంగాడు.

నా బాణీ మైనర్ శ్రుతిలో, నిదానంగా, గుండె మెలిపెట్టేలా సాగుతుంది. పెళ్లికి ముందు బార్నా నాకోసం ఏరికోరి వాయించమన్న శాస్త్రీయ బాణీ. కళ్లు మూసుకున్నాను.

వయొలిన్ మాత్రం మేజర్ శ్రుతిలో మొదలైంది. చిందులేస్తూ, కిలకిలా నవ్వుతూ.

"చాలు బాబాయ్, చాలు!" బార్నా మొహం పాలిపోయింది.

"భలేవారే! వేగంగా ఉంటేనే కదా అమ్మగారికి ఇష్టం. ప్రతి గురువారం అడిగి మరీ వాయింపించుకుంటారు!" అంటూ ముసలాయన ఇంకా జోరు పెంచాడు.

"ఆపకు బాబాయ్," అన్నాను. "ఆవిడకి నచ్చినట్టే కానివ్వు."

గురువారాలు నేను పొరుగూరు వెళ్లి, మంచంపట్టిన మా అత్తగారికి నీళ్లు పోసి, తల దువ్వి వస్తాను. మరిచిపోకుండా గుర్తుచేసేది బార్నాయే.