ముత్తక్క వేలిముద్ర

"నేను వెయ్య. ఈ కాయితం అబద్ధం," అంటూ ముత్తక్క ఇంకు ప్యాడ్‌ను అవతలికి నెట్టేసింది.

ఊరి ఆరోగ్య సబ్ సెంటర్ వరండాలో అందరూ ఆమె వైపు తిరిగారు. నర్సు జెబా చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

ఊరి కమిటీ అంటే ముగ్గురే. పెద్దమనిషి దూలయ్య, నాలుగక్షరాలు వచ్చిన వీరబాబు, ఈ ముత్తక్క. ముగ్గురి గుర్తులూ పడితేనే కాగితం చెల్లుతుంది. సాయంత్రం ఐదు లోపల దాన్ని భద్రాచలం ఆఫీసులో ఇస్తే, నర్సింగు చదివించిన సర్కారు హామీగా దగ్గర పెట్టుకున్న జెబా ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికొస్తాయి. అవి చూపిస్తేనే రేపు హైదరాబాదులో పై చదువుకు సీటు. రేపు దాటితే ఆ సీటు ఇంకొకరిది.

"అబద్ధమేంది అవ్వా? వీరబాబన్నా, ఇంకోసారి చదివి చెప్పరాదే," అంది జెబా.

వీరబాబు గొంతు సవరించుకున్నాడు. "సర్కారు స్కాలర్‌షిప్ మీద చదువుకున్న జెబా అనే నర్సు, ఒప్పుకున్న ప్రకారం మా ఊర్లో మూడు సంవత్సరాలు పూర్తిగా సేవ చేసినట్టు ధ్రువీకరిస్తున్నాము."

"ఆఁ, గక్కడ్నే ఆగు. మూడేండ్లన్న కాడ్నే అబద్ధం," అంది ముత్తక్క.

"అవ్, నాకూ గట్లనే అనిపిస్తాంది," అన్నాడు దూలయ్య తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకుంటూ.

వాకిట్లో ఆటోలోకి సామాన్లు ఎక్కిస్తున్న ఫజల్ ఈ మాట విని గబగబా మెట్లెక్కి వచ్చాడు. జెబా తండ్రి. ఖమ్మంలో టైలరు. కొలతలో తేడా వచ్చిందంటే ఊరుకునే మనిషి కాదు.

"ఏం పెద్దయ్యా, నా బిడ్డ దొంగ లెక్క చెప్తదా? మూడేండ్లల్ల పండగకు కూడా సక్కగ ఇంటికి రాలే. మలేరియాతో పండుకున్నప్పుడు మంచం మీదికెల్లే మీకు మందులిచ్చింది. మీకు కనపడలేదా?"

"నువ్వాగు సాయిబన్నా," అంది ముత్తక్క. "నీ బిడ్డ చాకిరీ చెయ్యలేదని ఎవరన్నరు? మా ఊరి లెక్క మేం మాట్లాడుకుంటున్నం."

"అబ్బా, మీరుండండి," అంది జెబా తండ్రితో. అక్క పెళ్లికి నాలుగు రోజులు వెళ్లింది. ట్రైనింగుకు ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లోనే ముత్తక్క మనవడికి జ్వరం ముదిరి, చర్ల ఆసుపత్రి దాకా మోసుకుపోవాల్సి వచ్చింది. ఆ కోపం లోపల ఇంకా ఉందేమో!

గదిలోకి వెళ్లి హాజరు పుస్తకం తెచ్చింది.

"చూడు తాతా. ఒక్కో రోజుకు ఒక్కో సంతకం. సెలవు పెట్టిన రోజులు ఎర్ర సిరాతో రాసినయి. నేను దాచిందేం లేదు."

దూలయ్య పుస్తకం తీసుకుని నాలుగు పేజీలు తిప్పాడు. తలకిందులుగా ఉందని వీరబాబు సరిచేసి ఇచ్చాడు. మళ్లీ తిప్పాడు.

"ఒక్క దినానికి ఒక్క సంతకమేనా?"

"అవ్ తాతా."

"అట్లయితే పుస్తకం గూడా తప్పే."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి తమ భాషలో మాట్లాడుకోసాగారు. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్ల నుంచి జ్వరం అని అడిగేంత వరకూ జెబాకు ఆ భాష వచ్చు. ఈ వేగం అందలేదు. ముత్తక్క వేళ్లు మడుస్తోంది, విప్పుతోంది. వీరబాబు తల ఊపుతున్నాడు. అతను కూడానా! మొన్నటి వానాకాలం అతని ఇంట్లో కవలలు పుడితే బొడ్డు కోసింది తనే కదా.

"చూసినవా బేటీ?" ఫజల్ ఆటో వైపు చెయ్యి చూపాడు. "ఇంత చాకిరీ చేస్తే ఇదీ మర్యాద. పద, ఆఫీసుకే పోయి చెప్పుకుందం. జల్దీ."

జెబా కదల్లేదు. సర్కారు డబ్బు కట్టకపోతే తను ఈపాటికి అబ్బా షాపులో కాజాలు కుడుతూ ఉండేది. చదువు సర్కారు చెప్పించింది కానీ చేతికి ధైర్యం ఇచ్చింది ఈ ఊరే. తను చేసిన తొలి కాన్పులో చేతులు వణుకుతుంటే, మణికట్టు గట్టిగా పట్టుకుని "నేనున్న కదనే పిల్లా" అన్నది ఈ ముత్తక్కే. అలాంటి మనిషి నోట కాదనిపించుకుని ఎక్కడికి పోతుంది? పోయి ఏం చదువుతుంది?

"అవ్వా, తాతా," అంది. "ఎన్ని దినాలు తక్కువైనయో చెప్పండి. ఉండి పూర్తి చేసే పోత."

"జెబా! మరి సీటో?"

"పోతే పోనీ అబ్బా. సామాన్లు దించండి."

ముగ్గురు కమిటీవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముత్తక్క మోకాళ్ల మీద చేతులు ఊని మెల్లగా లేచింది. వచ్చి జెబా చేతిలోని కాగితం లాక్కుంది.

"తక్కువైనయని ఎవరన్నరే పిచ్చిపిల్లా?" అని కసిరింది. "పొద్దంతా కలుపు తీసి, మళ్ల రాత్రంతా చేనుకాడ పందుల కావలి ఉన్నోళ్లకు మా దగ్గర రెండు దినాల లెక్క. నువ్వు పొద్దంతా సూదులేస్తివి, రాత్రంతా కాన్పులు చేస్తివి. గీ మూడేండ్లు కొట్టేసి ఆరేండ్లని రాయి, ఒక్క వేలేంది, పది వేళ్లూ అద్దుత!"