బేసుర్ బుచ్చన్న

జగిత్యాలలో పిల్లల శాస్త్రీయ సంగీత పోటీకి ముఖ్య అతిథిగా బేసుర్ బుచ్చన్నను పిలిచారని తెలిసి కమల టీచరు తల పట్టుకుంది.

ముత్యంపేట మనిషి. టీవీలో శ్రుతి తప్పి పాడటమే అతని బతుకుతెరువు. అతను గొంతెత్తితే చాలు, జనం పొట్ట పట్టుకుని నవ్వుతారు. అలాంటివాణ్ణి సంగీత పోటీకి పిలవడం పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టే.

ఆమె దిగులంతా తన దగ్గర పాట నేర్చుకునే దీప గురించి. సిరిసిల్లలో మరమగ్గం నడిపే లస్మయ్య కూతురు. నిరుడు ఇదే పోటీలో సగం పాటలో శ్రుతి జారి, ఏడుస్తూ దిగిపోయింది. ఈసారీ అదే జరిగితే ఇక పాటే మానేస్తానంది.

బుచ్చన్న కారు దిగగానే కమల ఎదురెళ్లింది.

"ఏమనుకోకుండ్రి సార్. మీరు గొంతెత్తితే పిల్లల శ్రుతి పోతది. గీ ఒక్క పూట పాడకుండ్రి."

అతను నవ్వలేదు.

"పాడ, టీచరమ్మ. మాటిస్తున్న."

దీపం వెలిగించి, శాలువా కప్పించుకుని వెళ్లిపోతాడనుకున్నారు. వెళ్లలేదు.

వేదిక మీదే వెనక కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, పంతొమ్మిది మంది పాటలు విన్నాడు. ఇతనికి ఇందులో ఏం అర్థమవుతోందో కమలకు అంతుపట్టలేదు.

ఇరవయ్యో పేరు దీపది.

కమల తన ఫోన్లో తంబురా పెట్టి, మైకు పక్కన ఉంచి, కిందికొచ్చి కూర్చుంది.

దీప ఎత్తుకుంది. రెండో నిమిషంలో తడబడి ఆగింది. అంతలోనే పిల్ల తేరుకుని అందుకుంది. తంబురా మధ్యమధ్య సన్నబడుతున్నా, ఎక్కడా తప్పలేదు. ఈ ఫోన్లు కూడా ఎంత బాగా పలుకుతున్నాయి అనుకుంది కమల.

మొదటి బహుమతి దీపకే.

కారెక్కుతూ బుచ్చన్న కమలకు దండం పెట్టాడు.

"మీకిచ్చిన మాట జర తప్పిన టీచరమ్మ. మాఫ్ చేయుండ్రి."

ఏ మాట తప్పాడు? అతను పాడగా విన్నవాళ్లే లేరు. అడుగుదామనుకునేలోపు కారు కోరుట్ల దారి పట్టింది.

కమల వేదికెక్కి ఫోన్ తీసుకుంది. ఇంటి నుంచి వచ్చిన కాల్ ఒకటి కనిపించింది, సరిగ్గా దీప పాట మధ్యలో. రింగు వినపడకుండా పెట్టింది గానీ, కాల్ వస్తే తంబురా ఆగిపోతుందని ఆమెకు తోచలేదు.

"తంబుర ఎప్పుడాగింది బిడ్డా?" అని దీపను అడిగింది.

"ఫోన్ రాంగనే ఆగింది టీచర్. ఇగ లేద్దామనుకున్న. గప్పుడే నా ఎనకకెల్లి శ్రుతి వినవడ్డది. ఆఖరిదాంక గదే పట్టుకొని పాడిన."

కమల తల సిగ్గుతో వాలిపోయింది.

దీప వెనక ఉన్నది ఒకే కుర్చీ. పాట పొడవునా ఇసుమంతైనా జారని ఆ శ్రుతి, నోరు మూసుకుని పట్టిన బేసుర్ బుచ్చన్నది.