పొట్టేలుకు కట్టిన గుడ్డ

ఈరన్న టీకొట్టు ముందు ఓబిలేష్ పొట్టేలును కాళ్ల మధ్య ఇరికించుకుని, దాని పొట్ట కింద గోనెగుడ్డ కడుతున్నాడు.

ముదిగుబ్బ బస్సు దిగిన ఆడమనిషి ఆగి చూసింది. యాభై ఏళ్లుంటాయి. చేతిలో గుడ్డసంచి.

“ఎందుకప్పా కడతాండావు?”

“గొర్రెల మీద ఎక్కకుండా.”

“ఎక్కితే ఏమైతాది?”

“నడి ఎండాకాలంలో ఈనుతాయి. మేత ఉండదు, నీళ్లుండవు. తల్లీ సస్తాది, పిల్లా సస్తాది.”

“గొర్రె సావకూడదని మగదానికి గుడ్డ కడతావు.” ఆమె సంచిలోంచి నిరోధ్ ప్యాకెట్లు తీసి అతని ముందు పెట్టింది. “ఇంట్లో ఉండేది గొర్రె కంటే చులకనా?”

టీకొట్టు మొత్తం నవ్వింది.

“తీసుకో ఓబిలేసూ. నీక్కూడా గుడ్డ తెచ్చినాది,” అన్నాడు ఈరన్న.

“సర్కారోళ్లు పంపిన మనిషిలే,” అన్నాడు తిప్పేష్. “నువ్వు మందతో పోయినప్పటి నుంచి నెలనెలా వస్తాంది. మీ ఇంటికాడ కూడా కూసుంటాది.”

ఆ మాట ఓబిలేష్‌కు ముల్లులా దిగింది. కణేకల్ దిక్కు కాలువ పొలాల్లో నాలుగు నెలలు మంద మేపి నిన్ననే వచ్చాడు. పొట్టేలును వదిలేసి ఇంటికి పోయాడు. పెళ్లాం పెట్టె తిరగేశాడు.

చీరల అడుగున నాలుగు ప్యాకెట్లు.

“నేను నాలుగు నెల్లు ఊర్లో లేను. ఇవి ఎవునికి?”

చౌడేశ్వరి చంకలో నెలల బిడ్డ. రెండో ఆడపిల్ల. అతను మందతో పోయిన వారానికే అనంతపురం ఆసుపత్రిలో కడుపు కోసి తీశారు. మొదటిదాన్నీ అట్లాగే తీశారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తామంటే, కొడుకు పుట్టేదాకా ఆ మాట ఎత్తొద్దని కణేకల్ నుంచి ఫోన్లో అన్నది ఓబిలేషే.

“నీకే మామా. మూడేళ్లు కడుపు రాకూడదని డాక్టరమ్మ చెప్పినాది. కుట్లు పచ్చిగా ఉండాయంట. ఒంట్లో రక్తం లేదంట. నువ్వొచ్చేలోగా పెట్టుకోమని నెలనెలా వచ్చే ఆమె ఇచ్చినాది.”

“మొగుడు లేనప్పుడు ఇవి దాచుకునే ఆడది ఎట్లాంటిదో నాకు తెలీదా?”

ప్యాకెట్లు పొయ్యిలో పడ్డాయి. ఇల్లంతా రబ్బరు కమురు.

“నేను సస్తే ఈ ఇద్దర్నీ ఎవురు సాకుతారు?” అని అడిగింది చౌడేశ్వరి. ఏడవకుండానే అడిగింది.

జవాబుగా చెంప మీద ఒకటి పడింది.

ఓబిలేష్ తిరిగి రోడ్డు మీదికి వచ్చేసరికి ఆ ఆడమనిషి బస్సు కోసం నిలబడి ఉంది. చెప్పు తీసి విసిరాడు. భుజానికి తగిలింది.

“మొగోళ్లకు ఇవి పంచే దానివి, సంసారుల ఇండ్లల్లో నీకేం పని? మళ్లా ఈ ఊర్లో అడుగు పెడితే కాళ్లు ఇరుస్తా.”

టీకొట్టులో పది మంది మగవాళ్లు. ఒక్కడూ బెంచీ మీంచి లేవలేదు. పదిమందికీ ఇళ్లలో పెళ్లాలున్నారు, కూతుళ్లున్నారు.

ఆమె భుజం దులుపుకుంది.

“నన్ను కొట్టుకో. ఆ పిల్లకు మాత్రం కడుపు తేవద్దప్పా.”

బస్సెక్కింది. మళ్లీ ఆ ఊరికి రాలేదు.

మూడో నెలకు చౌడేశ్వరి నెల తప్పింది. ఈసారి కొడుకేనని ఊరు తేల్చేసింది. ఊరి సొమ్మేం పోయింది?

ఎనిమిదో నెలలో, నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె ఎత్తుతూ కూలబడింది. ఆటోలో అనంతపురం చేర్చేసరికి చీర మొత్తం రక్తం.

“పాత కుట్ల కాడ గర్భసంచి పగిలింది,” అంది డాక్టరమ్మ. “మూడేళ్లు ఆగమని రాసిచ్చినాం. చదవలేదా?”



చౌడేశ్వరి రక్తం అరుదైన గ్రూపు. ఆసుపత్రిలో ఒక్క సీసానే ఉంది. ఎక్కించారు. చాలలేదు. ఓబిలేష్ రక్తం కలవలేదు. తోడొచ్చిన తిప్పేష్, పరీక్షకు పిలవగానే టీ తాగొస్తానని బయటికి పోయాడు.

రక్తం తీసే గంగాధర్ ఫోన్ పెట్టేసి వచ్చాడు. “ఇచ్చే మనిషి ఒకరుండారు. బత్తలపల్లె నుంచి బయల్దేరినారు. అరగంట.”

“ఎవరైనా సరే అన్నా. బతికిస్తే జన్మంతా కాళ్ల కాడ పడుంటా.”

అరగంట కాలేదు. లోపలి నుంచి నర్సు వచ్చింది. గంగాధర్‌ను చూసి తల అడ్డంగా ఊపింది.

“బిడ్డ?” అన్నాడు ఓబిలేష్.

“ఇద్దరూ.”

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడు. రొప్పుకుంటూ, జాకెట్టు చేతిని పైకి మడుచుకుంటూ ఒక ఆడమనిషి వచ్చింది.

“యాడ పడుకోవాల గంగాధరా? తొందరగా తియ్యి.”

ఆమె నర్సు ముఖం చూసింది. మడిచిన చేతిని మెల్లగా కిందికి దించుకుని, దూరంగా పోయి గోడవారన కూర్చుంది.

ఓబిలేష్ గంగాధర్ చెయ్యి పట్టుకున్నాడు.

“అన్నా, ఈమె నిరోధు ప్యాకెట్లు పంచే మనిషి గదా. సర్కారోళ్లు గదా పంపింది?”

“ఏ సర్కారూ పంపలేదప్పా,” అన్నాడు గంగాధర్. “పోయిన కాన్పుకు మత్తులో ఉన్న నీ పెళ్లానికి రక్తమిచ్చింది ఈమెనే; ఇప్పట్లో ఇంకోసారి కడుపొస్తే బతకదని డాక్టరమ్మ అనేది విని, ఆ పిల్లొక్కదాన్ని కాపాడుకునేదానికి నెలనెలా మీ ఊరికి వస్తాండె.”