ఇత్తడి రేజరు

"ఊరికే తీస్కపో నాయనా. కాకుంటే నా ముందర దాంతో ఒక్కసారి గడ్డం గీసుకోని పో," అంది కృపమ్మ.

పాత రేజర్లు సేకరించే కరుణాకర్, ఆ ఇత్తడి రేజరు కోసమే నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వచ్చాడు. అది ఆమె భర్తది. ముప్పై ఏళ్ల కిందట ఒక పొద్దున ఆయన గడ్డం గీసుకుని బయటికి పోయాడు. మళ్లీ రాలేదు. శవమూ దొరకలేదు.

కరుణాకర్ కొత్త బ్లేడు బిగించి, గోడ అద్దం ముందు నురగ పట్టించుకుని గీసుకోసాగాడు. కృపమ్మ వెనకాలే నిలబడి అద్దంలోకి చూస్తోంది.

"గదవ కింద నిదానం. ఆడ మీకు ఎప్పుడూ తెగుతాది."

ఇందాకటి 'నువ్వు' కాస్తా 'మీరు' అయింది. సరిగ్గా అక్కడే అతనికి తెగి నెత్తురు చిమ్మింది. ఆమె దగ్గరికొచ్చి కొంగుతో అద్దింది.

"ఆ పొద్దు అడ్డం పడల్యాకపోతి. ఈ పొద్దు యాడికీ పోవాకండి."

ఆమె ఇన్నేళ్లూ ఎవరి కోసం ఆ రేజరు దాచిందో, ఎందుకు గీసుకోమందో అతనికి అప్పుడు తెలిసింది.

"పోనులే కృపా," అన్నాడు.

ఆమె తృప్తిగా కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. మిగిలిన సగం గడ్డం కోసం మళ్లీ అద్దంలోకి చూస్తే ఎవరి ముఖం కనబడుతుందోనని, చూడ్డానికి కరుణాకర్‌కు ధైర్యం చాలలేదు.