కుడివైపు మనిషి

2009 ఫిబ్రవరి. సోమవారం ఉదయం పది గంటలు. ఖమ్మం ఖానాపురం హవేలిలోని రజాక్ మెకానిక్ షాపులోకి ఒకామె పరుగెత్తుకుంటూ వచ్చి, అతను పైకి లేపుతున్న బైకును కుడివైపు నుంచి పట్టుకుంది.

ఆమె చేతులకు తడి సిమెంటు ఉంది. ఎదురుగా కడుతున్న ఇంటి దగ్గర తట్టలు మోసే కూలీ.

"ఏందమ్మా, బండి ముట్టుకుంటున్నవ్?" అన్నాడు రజాక్.

"ముందు లేపు. తర్వాత తిట్టు."

ఆ బండికి డబుల్ స్టాండు లేదు. వెనక చక్రం విప్పాలంటే షాపులోని ఇనుప స్టాండు కొక్కేలు చక్రానికి రెండు పక్కలా తగిలించి, ఎడమవైపు నిలబడి ఒక చేత్తో బండిని పట్టుకుని, ఇంకో చేత్తో స్టాండు కాడను కిందికి నొక్కాలి. ఇద్దరు చేసే పని. రజాక్ ఒక్కడే చేస్తాడు.

కాడ నొక్కాడు. చక్రం లేచింది. ఆమె చేతులు తీసింది.

"ఒక్కనివే లేపకు. ఎవ్వరు లేకుంటే బండి కుడివైపు గోడ ఉండేటట్టు పెట్టుకో. ముందు చక్రం బ్రేకుకు ట్యూబు రబ్బరు కట్టు. లేకుంటే బండి ఉరుకుతది."

బండి ఓనరు శివ నవ్వాడు. "రజాక్ భాయ్, కొత్త మేడమ్‌ను పెట్టుకున్నవా? మాకు చెప్పనే లేదు."

రజాక్ పానా నేలకేసి కొట్టాడు.

"మీసాలు రాకముందు నుంచి బండ్లు లేపుతున్న. నాకు నేర్పుతున్నవా? పో!"

"రబ్బరు కట్టు, పోత."

"కట్టను. ఏం చేస్తవ్?"

"ఈడనే నిలబడ్త."

నిలబడింది. రోడ్డు అవతల నుంచి మేస్త్రీ మంగీలాల్ కేకేసేదాకా కదల్లేదు.

మంగళవారం రజాక్ ఇంకో బండికి కొక్కేలు తగిలిస్తుంటే ఆమె తట్టను రోడ్డు మధ్యలోనే వదిలేసి వచ్చింది. ఇసుక ఒలికింది. షేర్ ఆటో ఆగిపోయింది. డ్రైవరు తిట్టాడు. ఆమె అటు చూడలేదు. బండి కుడివైపు పట్టుకుంది.

టీ కొట్టు దగ్గర ఎవరో ఈల వేశారు. "భాయ్, డ్యూటీ పొద్దటిదా, సాయంత్రందా?"

రజాక్ ఆమె చేతులు తోసేశాడు. "నీకు సిగ్గు లేకుంటే నాకున్నది. బజారంత నవ్వుతున్నది."

"నవ్వనీ." ఆమె గొంతు పెంచింది. "గీ నవ్వెటోళ్లు వచ్చి బండి పట్టుకుంటరా? పట్టుకోరు. పడ్డంక చుట్టూ మూగుతరు."

"పడితే నీకేంది? నీ మొగుని బండా?"

ఆమె వంగి పాత ట్యూబు ముక్క తీసింది. బ్రేకు లివరును, హ్యాండిల్‌ను కలిపి చుట్టింది. ముడి వేసింది. వెళ్లిపోయింది.

రజాక్ ఆ ముడిని కోసి రోడ్డు మీదికి విసిరాడు. నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు.

"మంగీలాల్, రేపు పొద్దున గామె ఈడ కనబడొద్దు. కనబడితే మీ ఓనరుతోని మాట్లాడ్త."

"పని మంచిగ చేస్తది భాయ్."

"ఇంకోచోట చెయ్యమను."

బుధవారం ఆమె రాలేదు.

గురువారం ఉదయం రజాక్ శివ బండిని మళ్లీ లేపాడు. పక్కన గోడ లేదు. బ్రేకుకు రబ్బరు లేదు. బండి ముందుకు కదిలింది. ఒక కొక్కెం జారింది. బండి కుడివైపు ఒరిగింది. ఆపాలని రజాక్ అటు ఉరికాడు. బండి అతన్ని కింద వేసుకుని పడింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది.

టీ కొట్టు దగ్గరున్నవాళ్లు చుట్టూ మూగారు.

మర్నాడు మంగీలాల్ దవాఖానాకు వచ్చాడు.

"గామె మాట ఇనకపోతి," అన్నాడు రజాక్. "ఒకసారి పిలువు. మాట్లాడాలె."

"ఏడికెళ్లి పిలవాలె? పని లేదన్నంక పిల్లనెత్తుకొని భద్రాచలం బస్సెక్కింది. మిరపకాయ ఏరనీకి పోతదట. ఏ ఊరో చెప్పలె."

"అసలెవరామె? నాకు ముందుగాల చెప్పొద్దా?"

"నువ్వు అడిగినవా?" మంగీలాల్ లేచి నిలబడ్డాడు. "పంపెయ్యమన్నవ్. పంపిన."

"ఇప్పుడు అడుగుతున్న."

మంగీలాల్ చెప్పాడు.

ఆమె పేరు రూప్లి. ఊరు జూలూరుపాడు దగ్గర తండా. భర్త రామ్‌సింగ్ బండ్ల మెకానిక్. పెళ్లయినప్పటి నుంచి అతని షాపులో బండి కుడివైపు పట్టుకున్నది ఆమే. స్టాండు మీది బండి పడి రామ్‌సింగ్ చనిపోయిన రోజు ఆమె తల్లిగారింట్లో ఉంది.